పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు

‘లోపల ప్రాసెసర్ ఒకటే, గ్రాఫిక్స్ కార్డు ఒకటే. అలాంటప్పుడు ఆ బరువెందుకు మోయడం? సన్నది తీసుకోండి.’ పని కోసం వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ కొనాలని బయలుదేరినవాళ్లకు నరసాపురంలో అడిగినా, భీమవరంలో అడిగినా, రాజమండ్రి దాకా వెళ్లి అడిగినా దొరికే సలహా ఇదే. షాపులో చెబుతారు, హైదరాబాదులో ఉద్యోగం చేసే బావమరిది చెబుతాడు, యూట్యూబ్ సమీక్షకులు చెబుతారు. ఇంతమంది ఇన్నిసార్లు చెప్పడంతో దాన్ని ప్రశ్నించేవాళ్లే లేకుండా పోయారు. ఈ సలహా తప్పు. గోదావరి డెల్టాలో కూర్చుని పనిచేసుకునేవాళ్లకు మరీ తప్పు. ఎందుకు తప్పో ఒక్కొక్కటిగా చూపిస్తాను.

ముందు అవతలివాళ్ల వాదాన్ని వాళ్లు చెప్పినట్టే చెప్పుకుందాం. దానికి ఐదు కాళ్లున్నాయి. ఒకటి, రెండు యంత్రాల్లోనూ ఒకే పేరున్న కార్డు ఉంటే రెండూ ఒకే పని చేస్తాయి. రెండు, ప్రాసెసర్ మీద ‘ఐ9’ అని ఉంటే అంతకంటే చూడాల్సింది లేదు. మూడు, వేడి అనేది గేమ్స్ ఆడేవాళ్ల గొడవ, పని చేసుకునేవాళ్లకు పట్టింపు లేదు. నాలుగు, డబ్బు ఉన్నంతలో పెద్ద నంబరు కార్డు తీసుకుంటే నాలుగేళ్ల దాకా వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు. ఐదు, సైటు మీదికీ పార్టీల దగ్గరికీ తిరిగేవాడికి తేలికే ముఖ్యం, రిపేరు వస్తే కంపెనీవాళ్లు ఇంటికే వచ్చి చేస్తారు. వినడానికి ఇవన్నీ సబబుగానే ఉంటాయి. కొన్నిటిలో కొంత నిజం కూడా ఉంది. ఆ కొంత నిజాన్ని చూసే జనం మిగతా అబద్ధాన్ని నమ్ముతున్నారు.

వాదన గాలిలో నడవకుండా రెండు అసలు యంత్రాలను ముందు పెట్టుకుందాం. డెల్ కంపెనీ 2023లో తెచ్చిన ప్రెసిషన్ 5680, ప్రెసిషన్ 7680. రెండూ పదహారు అంగుళాల తెరవే. రెండూ పదమూడో తరం ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చాయి. రెండింటిలోనూ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5000 ఆడా కార్డు దాకా పెట్టించుకోవచ్చు. 5680 బరువు రెండు కిలోలకు అటూ ఇటూ. 7680 రెండున్నర కిలోలు దాటుతుంది. లెనోవోలో థింక్‌ప్యాడ్ పీ1, పీ16 మధ్య, హెచ్‌పీలో జడ్‌బుక్ స్టూడియో, ఫ్యూరీల మధ్య కూడా ఇదే తేడా. 2025లో డెల్ ఈ వరుసకు ప్రెసిషన్ పేరు తీసేసి డెల్ ప్రో మాక్స్ అని పెట్టింది. పేర్లు మారినా సన్నది, మందపాటిది అన్న తగువు అలాగే ఉంది.

1. కార్డు పేరు ఒకటే, కార్డుకు అందే కరెంటు ఒకటి కాదు

ఆర్‌టీఎక్స్ 5000 ఆడా ల్యాప్‌టాప్ కార్డును ఎన్‌విడియా 80 వాట్ల నుంచి 175 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకోవచ్చని ల్యాప్‌టాప్ కంపెనీలకు వదిలేసింది. ఆర్‌టీఎక్స్ 2000 ఆడా అయితే 35 వాట్ల నుంచి 140 వాట్ల దాకా. అంటే అట్టపెట్టె మీద అదే పేరుతో, ఒకచోట ఒక వంతు, మరోచోట నాలుగు వంతుల కరెంటు తాగే యంత్రాలు పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి. కరెంటు నాలుగింతలైతే పని నాలుగింతలవుతుందని నేననడం లేదు. రెండూ ఒకటే అనడానికి మాత్రం వీల్లేదు.

చెరువు గట్టు మీద ఏరియేటర్ బిగించిన ప్రతి రైతుకూ ఈ సంగతి తెలుసు. మోటారు మీద రెండు హెచ్‌పీ అని రాసి ఉన్నా, దానికి లాగిన వైరు సన్నదైతే ఆ రెండు హెచ్‌పీ నీళ్లలోకి దిగదు. మోటారు కొనేటప్పుడు వైరు మందం అడిగే మనుషులం, మూడు నాలుగు లక్షల ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అది ఎందుకు అడగం?

5680తో వచ్చే పెద్ద ఛార్జర్ యూఎస్‌బీ-సీ రకం, 165 వాట్లది. ఈ ఒక్క అంకె చాలు. కార్డు గరిష్ఠంగా 175 వాట్లు తీసుకోగలదు. ఛార్జర్ మొత్తం యంత్రానికి ఇచ్చేదే 165. అందులోనే ప్రాసెసర్ తినాలి, తెర వెలగాలి, ఫ్యాన్లు తిరగాలి, ర్యామ్, డిస్కు నడవాలి. అవన్నీ పోగా కార్డుకు మిగిలేదెంతో కూడికలూ తీసివేతలూ వచ్చిన పిల్లవాడు చెప్పగలడు. 7680కి 240 వాట్ల ఛార్జర్ ఉంది. ‘ఒకే కార్డు కాబట్టి ఒకే పని’ అన్న వాదం ఇక్కడే, ఛార్జర్ మీద అంటించిన చీటీ దగ్గరే కూలిపోతుంది.

ఇదంతా రహస్యమేమీ కాదు. 2017 నుంచి కొన్నేళ్లపాటు తక్కువ కరెంటుతో నడిచే సన్నరకం కార్డులకు ఎన్‌విడియా ‘మాక్స్-క్యూ’ అని తోక తగిలించేది. కొనేవాడికి కనీసం ఆ తోక కనిపించేది. 2021లో కొత్త తరంతో ఆ తోక పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు తేడా తెలుసుకునే బాధ్యత కొనేవాడి నెత్తిన పడింది. తెలుసుకునే దారీ ఉంది. షాపులో ల్యాప్‌టాప్ ఆన్ చేయించండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, కింద ఎడమవైపు ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ నొక్కండి. అక్కడ కార్డు వివరాల్లో గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. నిమిషం పని. అది చూపించడానికి ఒప్పుకోని షాపులో కొనకండి.

2. ‘ఐ9’ అంటే ఏ ఐ9?

రెండో వాదం ఇంకా బలహీనం. 5680లో వచ్చే ఐ9 పేరు 13900హెచ్. అందులో 14 కోర్లు. 7680లో వచ్చే ఐ9 పేరు 13950హెచ్‌ఎక్స్. అందులో 24 కోర్లు. రెండింటినీ ‘పదమూడో తరం ఐ9’ అనే అమ్ముతారు. చివర్లో ఉన్న ఆ ఒక్క ‘ఎక్స్’ అక్షరం పది కోర్లకు సమానం. ఇంటెల్ లెక్క ప్రకారం మొదటిదానికి మూల శక్తి 45 వాట్లు, గరిష్ఠం 115. రెండోదానికి 55, 157. వీడియో రెండరింగ్, డ్రోన్ ఫొటోలను కలిపి మ్యాపు చేయడం, పెద్ద త్రీడీ మోడల్‌కు లైటింగ్ లెక్క కట్టడం వంటి పనుల్లో ప్రతి కోరూ పనికొస్తుంది. అక్కడ 14కీ 24కీ తేడా కళ్లకు కనబడుతుంది.

దీనికి ఎదురు ఒకటి చెబుతారు: ‘ఆటోక్యాడ్‌కు అన్ని కోర్లు అక్కర్లేదు కదా’ అని. నిజమే. రెండు కొలతల డ్రాయింగు గీయడంలో ఆటోక్యాడ్ ఎక్కువగా ఒక్క కోరు వేగం మీదే నడుస్తుంది. కానీ ఈ నిజం సన్నదానికి మద్దతివ్వదు. ఆ పనికి ఈ రెండు యంత్రాలూ అక్కర్లేదు, సగం ధరకు వచ్చే మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్ చాలు. ప్లాన్లు గీసి మున్సిపాలిటీకి సమర్పించడమే వృత్తి అయినవాళ్లకు ఆర్‌టీఎక్స్ 5000 అంటగట్టడం అన్యాయం.

3. సమీక్షకుడి గది వేరు, మన మే నెల వేరు

మూడో వాదం మన ప్రాంతానికి నేరుగా హాని చేస్తోంది. ఇంటర్నెట్‌లో వచ్చే సమీక్షల్లో చాలావరకు ఏసీ గదుల్లో, ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల మధ్య చేసినవి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదికి దగ్గరగా ఉన్న మన నరసాపురంలో, మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఉన్న స్టూడియోలో గది వేడి నలభై డిగ్రీలుంటుంది. ప్రాసెసర్ భరించగలిగే హద్దు దాదాపు నూరు డిగ్రీలు. గదిలో 25 ఉంటే వేడి బయటికి పోవడానికి 75 డిగ్రీల ఎడం ఉంది. గదిలో 40 ఉంటే ఆ ఎడం 60కి పడిపోతుంది. వేడి బయటికి వెళ్లే వేగం ఈ ఎడం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, సుమారుగా ఐదో వంతు చల్లబరిచే శక్తి యంత్రాన్ని ముట్టుకోకముందే పోయినట్టు.

ఇక్కడే సన్నదానికీ మందపాటిదానికీ అసలు తేడా తెలుస్తుంది. మందపాటిదాంట్లో పెద్ద ఫ్యాన్లకూ మందమైన రాగి గొట్టాలకూ చోటుంది. ఐదో వంతు పోయినా ఇంకా కొంత మిగిలి ఉంటుంది. సన్నదాంట్లో ఆ మిగులు మొదటి నుంచీ లేదు. ఏసీ గదిలోనే అంచు మీద నడిచే యంత్రం మన మే నెలలో అంచు దాటుతుంది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది.

పెళ్లి వీడియో రెండరింగ్ పెట్టినవాళ్లు దీన్ని రోజూ చూస్తారు. మొదటి రెండు మూడు నిమిషాలు మిగిలిన సమయం చకచకా తగ్గుతుంది. ఫ్యాన్లు హోరెత్తుతాయి. కీబోర్డు పైభాగం మీద వేలు ఆనదు. తరవాత ఆ సమయం తగ్గడం మానేసి అక్కడక్కడే తిరుగుతుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. షాపులో ముప్పై సెకన్ల పరీక్షలో ఇది తెలియదు. సినీబెంచ్ అనే ఉచిత పరీక్ష పది నిమిషాలు ఆగకుండా నడిపించేలా అమర్చి ఉంటుంది. అది ఏసీ ఆపించిన గదిలో నడిపించి చూడండి. మొదటి నిమిషంలో ప్రాసెసర్ వేగమెంత, పదో నిమిషంలో ఎంత అన్నది రాసుకోండి. మన వృత్తికి కావలసింది పదో నిమిషంలోని అంకె. మొదటి నిమిషంలోని అంకె ప్రకటనలకు పనికొస్తుంది.

ఉప్పుగాలి కూడా ఉంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో తేమ, ఉప్పు, దుమ్ము కలిసి హీట్ సింక్ రేకుల మధ్య ముద్దలా పేరుకుంటాయి. రేకులు ఎంత దగ్గరగా ఉంటే అంత త్వరగా పూడుకుపోతాయి. సన్న యంత్రాల్లో రేకులు దగ్గరగా ఉండక తప్పదు. ఆరు నెలలకోసారి విప్పించి ఊదించుకోవడం ఇక్కడ యంత్రాన్ని బతికించుకునే పని. దాన్ని విలాసం అనుకోకూడదు.

4. పెద్ద నంబరు భవిష్యత్తుకు భద్రత కాదు

నాలుగో వాదంలో ఎక్కువమంది చిక్కుకుంటారు, ఎందుకంటే అందులో ముందుచూపు ఉన్నట్టు కనిపిస్తుంది. ముందుచూపు ఉన్నవాడు ముందు తన పని చూసుకోవాలి. ఈ చుట్టుపక్కల ఈ స్థాయి యంత్రాలు నిజంగా అవసరమైనవాళ్లు మూడు రకాలు. వాళ్లలో ఏ ఒక్కరికీ పెద్ద నంబరు కార్డు మొదటి అవసరం కాదు.

మొదటివాళ్లు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు. ఇప్పుడు సోనీ ఏ7-4, ఎఫ్‌ఎక్స్3 వంటి కెమెరాలు పది బిట్ల 4:2:2 రకం హెచ్‌ఈవీసీ వీడియో ఇస్తున్నాయి. ఆ ఫైలును టైమ్‌లైన్ మీద తడబడకుండా నడిపించాలంటే దాన్ని విప్పే సర్క్యూటు చిప్‌లోనే ఉండాలి. 2025లో బ్లాక్‌వెల్ తరం వచ్చేదాకా ఎన్‌విడియా కార్డుల్లో 4:2:2ని విప్పే ఆ సర్క్యూటే లేదు, ఆర్‌టీఎక్స్ 5000 ఆడాతో సహా. ఉన్నది ఎక్కడంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో అంతర్గతంగా ఉండే చిన్న గ్రాఫిక్స్‌లో, పదకొండో తరం నుంచీ. ఆ చిన్న గ్రాఫిక్స్ ఐ7లోనూ ఉంది. అంటే పెద్ద కార్డుకు లక్షలు పోసిన ఎడిటరు చేతిలోని ఫుటేజీని నిజంగా విప్పుతున్నది కార్డు కాదు, ప్రాసెసర్‌తో పాటు వచ్చిన భాగం. ఈ ఒక్క సంగతి చెప్పకుండా పెద్ద కార్డు అమ్మడం ఆ వృత్తిని అవమానించడమే.

రెండోవాళ్లు బిల్డింగులు, ఆక్వా ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు డిజైన్ చేసేవాళ్లు. బిల్డింగుల త్రీడీ మోడళ్లు చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు, దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ స్వయంగా ఇచ్చే సూచన ఉంది: మోడల్ ఫైలు సుమారు 300 ఎంబీ దాకా ఉంటే 32 జీబీ ర్యామ్, 700 ఎంబీ దాకా ఉంటే 64 జీబీ. గమనించండి, ఆటోడెస్క్ ఆ స్థాయిలను ర్యామ్‌తో కొలిచింది. మోడల్ పెరిగేకొద్దీ ముందు గొంతు పట్టేది ర్యామ్.

మూడోవాళ్లు డ్రోన్ సర్వే చేసేవాళ్లు. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో సమగ్ర భూముల రీసర్వే మొదలైన తరవాత రాష్ట్రమంతా డ్రోన్ సర్వే అన్న మాట అలవాటైంది. ఇప్పుడు ప్రైవేటుగా చెరువులు, లేఅవుట్లు కొలిపించుకునేవాళ్లూ ఉన్నారు. వందలు, వేల ఫొటోలను కలిపి ఒక మ్యాపు చేసే పనిలో కార్డు సాయం చేస్తుంది, నిజమే. కానీ ఫొటోల సంఖ్య పెరిగేకొద్దీ ర్యామ్ చాలక పని డిస్కు మీదికి పోతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. రాత్రంతా నడిచి తెల్లవారి ఆగిపోయిన పనికి కార్డు నంబరు ఎంతైతే ఏం ప్రయోజనం?

ఇక ర్యామ్ దగ్గర ఈ రెండు యంత్రాలూ ఎక్కడ నిలబడతాయో చూడండి. 5680లో ర్యామ్‌ను మదర్‌బోర్డు మీద అతికించేశారు. గరిష్ఠం 64 జీబీ. కొన్న రోజు ఎంత ఉంటే చివరి రోజుదాకా అంతే. 7680లో ర్యామ్ విప్పి మార్చుకునే మాడ్యూల్, 128 జీబీ దాకా వెళ్లవచ్చు. లెనోవో పీ16 రెండో తరంలో నాలుగు స్లాట్లున్నాయి, 192 జీబీ దాకా వేసుకోవచ్చు. భవిష్యత్తు కోసం కొంటున్నామనేవాడు భవిష్యత్తులో పెంచుకోవడానికి వీల్లేని యంత్రాన్ని ఎలా ఎంచుకుంటాడు? ఇందులో ఉన్న తార్కిక లోపం ఎంత పెద్దదో అంత తేలిగ్గా కళ్లు దాటిపోతోంది.

పెద్ద నంబరు వెనక ఇంకో భ్రమ కూడా ఉంది. డెస్క్‌టాప్‌కు వచ్చే ఆర్‌టీఎక్స్ 5000 ఆడాలో 12,800 కోర్లు, 32 జీబీ మెమరీ ఉంటాయి. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదాంట్లో 9,728 కోర్లు, 16 జీబీ. ఆ ల్యాప్‌టాప్ కార్డునే సన్న పెట్టెలో బిగిస్తే దానికి కరెంటు కూడా తగ్గుతుంది. ఒకే పేరు మూడు మెట్లు కిందికి దిగింది, ధర మాత్రం పేరును బట్టే వసూలవుతోంది.

5. తేలిక, బ్యాటరీ, ‘ఇంటికొచ్చి చేస్తారు’

ఐదో వాదంలో తేలిక అన్న మాట వరకు నేను ఒప్పుకుంటాను. అరకిలో పైన బరువు తగ్గితే భుజానికి తెలుస్తుంది. పాలకొల్లు, మొగల్తూరు, భీమవరం మధ్య బండి మీద తిరిగేవాడికి అది చిన్న విషయం కాదు. కానీ తిరిగేటప్పుడు చేసే పనేమిటి? చూపించడం, కొలతలు రాసుకోవడం, చిన్న సవరణలు. బరువైన రెండరింగ్ ఎవరూ బండి మీద చేయరు. చూపించే పనికి ఒక ట్యాబ్లెట్టో, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్పో చాలు. చూపించే పని కోసం చేసే పనిని బలిపెట్టడంలో అర్థం లేదు.

తేలిక యంత్రమైతే బ్యాటరీ మీద ఎక్కడైనా పనిచేసుకోవచ్చన్న వాదమూ లెక్కకు నిలబడదు. విమానాల్లో అనుమతి లేకుండా తీసుకెళ్లగల బ్యాటరీకి హద్దు 100 వాట్-అవర్లు. మామూలుగా ల్యాప్‌టాప్ కంపెనీలు ఆ హద్దు దాటవు. పూర్తి పనిలో 150 వాట్లు తాగే యంత్రానికి 100 వాట్-అవర్లు అంటే నలభై నిమిషాలు. అదీ బ్యాటరీ మీద పూర్తి వేగంతో నడిస్తే. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఈ యంత్రాలన్నీ వేగం తగ్గించేసుకుంటాయి. కాబట్టి బరువైన పని ప్లగ్గు దగ్గరే జరుగుతుంది, యంత్రం సన్నదైనా మందపాటిదైనా.

ప్లగ్గు అన్నాక కరెంటు కోత గుర్తు చేసుకోవాలి. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురానికి దగ్గర్లోనే తీరం దాటింది. మనకు తుపాను అన్నది ఎప్పుడో వచ్చే అతిథి కాదు, ఏటా లెక్కలో వేసుకోవలసిన ఖర్చు. ఇంట్లో ఉండే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా 1,400 దక్కితే, 240 వాట్ల ల్యాప్‌టాప్‌తో పాటు ఒక ఫ్యాను, ఒక లైటు వేసుకుని నాలుగు గంటలు నెట్టుకురావచ్చు. సన్నది తక్కువ తాగుతుంది కదా అంటారు. మందపాటిదాన్ని కూడా సెట్టింగుల్లో తక్కువకు దించి నడుపుకోవచ్చు. ఒక మెట్టు దించితే కరెంటు ఆదా అవుతుంది, చప్పుడూ తగ్గుతుంది. సన్నదాన్ని మాత్రం అవసరం వచ్చిన రోజున పెంచడం ఎవరి వల్లా కాదు. ఎక్కువ ఉన్నదాన్ని తగ్గించుకోవచ్చు, లేనిదాన్ని తెచ్చుకోలేం. ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు శుభ్రమైన సైన్‌వేవ్ అయి ఉండాలి. చౌక ఇన్వర్టర్ మీద ఇంత ఖరీదైన ఛార్జర్‌ను పెట్టకండి.

ఇక సర్వీసు. ‘నెక్స్ట్ బిజినెస్ డే ఆన్‌సైట్’ అని వారంటీ కాగితం మీద రాసి ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో, ఊరిని బట్టీ విడిభాగం దొరకడాన్ని బట్టీ అని కూడా రాసి ఉంటుంది. మెట్రో నగరంలో ఆ మాట ఎంతవరకు నిజమో, రైలు మార్గం చివరి స్టేషన్ అయిన నరసాపురంలోనూ అంతవరకు నిజమవుతుందని ఎందుకు అనుకోవాలి? కొనకముందే కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి, 534275 పిన్‌కోడ్ చెప్పి, ఇంజనీరు వచ్చేది ఎన్ని రోజుల్లోనో మెయిలు మీద రాయించుకోండి. నోటిమాట చెల్లదు.

ఆ ఇంజనీరు వచ్చేలోపు ఏం చేస్తామన్నది కూడా చూడాలి. సన్న యంత్రంలో ర్యామ్ పోతే మదర్‌బోర్డు మొత్తం మార్చాలి. మందపాటిదాంట్లో ర్యామ్ పోతే ర్యామే మార్చాలి. డిస్కు స్లాట్లు ఎక్కువుంటే ఒకదాంట్లో పని, మరోదాంట్లో కాపీ పెట్టుకోవచ్చు. పెళ్లి ఆల్బం ఇవ్వాల్సిన రోజున, ప్లాంటు డ్రాయింగు సమర్పించాల్సిన రోజున ఈ తేడా విలువ కార్డు నంబరు తేడా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ముహూర్తాల నెలల్లో మూడు రోజులు యంత్రం ఆగిపోవడమంటే ఏమిటో ఆ పని చేసేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

6. మరి సన్నది ఎవరికి?

సన్న వర్క్‌స్టేషన్ చెడ్డ వస్తువని నేననడం లేదు. ఏడాదిలో సగం రోజులు విమానాల్లో తిరిగేవాళ్లకు, ఏసీ ఆఫీసులో కూర్చుని బరువైన లెక్కలన్నీ దూరపు సర్వర్ మీద నడిపించేవాళ్లకు, విదేశీ ఖాతాదారుల ఎదుట నమూనాలు తిప్పి చూపించేవాళ్లకు అది తగినదే. ఇంటి దగ్గర నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలోనూ కొందరికి అది చాలు. కానీ ఆ జీవితం మనందరిదీ కాదు. వాళ్లకు సరిపోయిన సలహాను మనకు నియమంగా మార్చి అమ్మడమే తప్పు.

‘అయితే వర్క్‌స్టేషన్ ఎందుకు, గేమింగ్ ల్యాప్‌టాప్ సగం ధరకే వస్తుంది కదా’ అనే మరో వాదానికీ ఇక్కడే జవాబు చెబుతాను. వీడియో పనికి, కొంతవరకు డ్రోన్ పనికి అది న్యాయమైన ప్రత్యామ్నాయమే. కానీ సాలిడ్‌వర్క్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో రియల్‌వ్యూ వంటి సదుపాయాలు వృత్తి కార్డుల మీదే కంపెనీ ధ్రువీకరణతో నడుస్తాయి. వర్క్‌స్టేషన్లతో మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ తీసుకునే వీలుంటుంది. ఆ రెండూ అవసరం లేనివాళ్లు నిరభ్యంతరంగా మందపాటి గేమింగ్ యంత్రం తీసుకోవచ్చు. అక్కడ కూడా మందపాటిదే.

7. నా తీర్పు

ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే కార్డు పేరు ఉన్న రెండు యంత్రాల మధ్య నిలబడితే, గోదావరి డెల్టాలో పనిచేసేవాళ్లు మందపాటిదే తీసుకోవాలి. డబ్బు చాలకపోతే తగ్గించాల్సింది కార్డు నంబరు. పెట్టె మందం తగ్గించకూడదు. మందపాటి యంత్రంలో ఆర్‌టీఎక్స్ 2000 పూర్తి కరెంటుతో రాత్రంతా నడుస్తుంది. సన్నదాంట్లో ఆర్‌టీఎక్స్ 5000 పూర్తి కరెంటు ఎప్పుడూ చూడదు. కార్డు దగ్గర మిగిలిన డబ్బును వరుసగా మూడు చోట్ల పెట్టండి: 64 జీబీ ర్యామ్, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ, సైన్‌వేవ్ ఇన్వర్టర్. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు సంస్థ పేరు మీద బిల్లు తీసుకుంటే 18 శాతం పన్ను సర్దుబాటుకు వస్తుంది. వ్యక్తి పేరు మీద కొని ఆ డబ్బు వదులుకోకండి.

షాపువాళ్లకు కూడా ఒక మాట. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఈ యంత్రం కోసం అప్పు చేసి, దాని మీద బతికేవాళ్లు. వాట్లు ఎన్నో, ప్రాసెసర్ పేరు చివర ‘ఎక్స్’ ఉందో లేదో, ర్యామ్ విప్పి మార్చవచ్చో లేదో అన్న ఈ మూడు సంగతులూ ధర చీటీ మీదే రాసి పెట్టండి. కొనేవాళ్లు అడిగేదాకా ఆగకండి.

కొనేవాళ్లు మాత్రం ఆ చీటీ వచ్చేదాకా ఆగకండి. ఛార్జర్ తిప్పి వెనక చీటీ చదవండి. కార్డుకు ఎన్ని వాట్లో తెర మీద చూడండి. పది నిమిషాల పరీక్ష ఏసీ లేకుండా పెట్టించండి. పిన్‌కోడ్ చెప్పి సర్వీసు గడువు రాయించుకోండి. ఈ నాలుగూ పూర్తయ్యేదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకండి.